పుట్టింటి నుంచి పిలుపొస్తే పంపాలా? ఫుట్‌బాల్ మేనేజర్ 2024తో నా ఏడాదిన్నర

ముందే చెప్పేస్తున్నా, ఇది కొత్త గేమ్ కాదు. 2023 నవంబరులో వచ్చిన గేమ్‌కి ఇప్పుడు రివ్యూ ఏంటి అనుకునేవాళ్లు ఉంటారు. తర్వాతి ఏడాది రావాల్సిన 2025 ఎడిషన్‌ని, గేమ్ తయారుచేసే స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ వాళ్లు 2025 ఫిబ్రవరిలో మొత్తానికే రద్దు చేసేశారు. 2026 ఎడిషన్ 2025 నవంబరులో వచ్చింది, దాని కొత్త స్క్రీన్లు చూసి పాత ఆటగాళ్లు చాలామంది గగ్గోలు పెట్టారు, నేనింకా కొనలేదు. కాబట్టి నాలాంటివాళ్లు ఇంకా 24 మీదే ఉన్నారు. 2024 సెప్టెంబరులో ఎపిక్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల స్టోర్‌లో ఒక వారం ఉచితంగా ఇచ్చినప్పుడు తీసుకున్నాను. అంటే పైసా ఖర్చు లేదు, పోయిందల్లా నిద్రే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇందులో మీరు బంతి తన్నరు. మీరు కోచ్. ఎవరిని ఆడించాలి, ఎవరిని కొనాలి, ఎవరికి ఎంత జీతం, ఎవరు అలిగారు, ఎవరి మోకాలు పోయింది, ఇదే పని. స్క్రీన్ నిండా పేర్లు, అంకెలు, మెయిళ్లు. మొదటి వారంలో మా ఆవిడ వెనక నుంచి చూసి "ఆఫీసు పని ఇంకా అవలేదా?" అని టీ పెట్టి ఇచ్చింది. నేనూ కాదని చెప్పలేదు. మూడో వారంలో పచ్చ గడ్డి, చుక్కల్లాంటి మనుషులు కనిపించాక టీ ఆగిపోయింది.

నేను తీసుకున్న జట్టు జిరోనా. పెద్ద జట్టుతో ఆడితే మజా ఉండదని ఎవరో అన్నారు, అది నిజమే. స్పెయిన్‌లో కటలోనియాలోనే, బార్సిలోనాకి 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు, మనకి హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ అంత. స్టేడియం మోంటిలివి, 14 వేల చిల్లర సీట్లు. ఇలాంటి జట్టు 2023-24 సీజన్‌లో నిజంగానే లీగ్‌లో మూడో స్థానంలో నిలిచి మొదటిసారి చాంపియన్స్ లీగ్‌కి, అంటే యూరప్ మేటి క్లబ్బుల పోటీకి, వెళ్లింది. గేమ్ మొదలయ్యేసరికి మీ జట్టులో ఎరిక్ గార్సియా ఉంటాడు, బార్సిలోనా క్లబ్ నుంచి లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువు. అదే వేసవిలో మీ జట్టు నుంచి బార్సిలోనాకి వెళ్లిపోయిన ఒరియోల్ రొమెయు అవతలి పక్క ఉంటాడు. ఇద్దరూ బార్సిలోనా అకాడమీ లా మాసియాలో పెరిగినవాళ్లే, ఇద్దరూ బయటికి పోయి తిరిగొచ్చినవాళ్లే. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

ఇక మా కుర్రాడి సంగతి. ఈ గేమ్‌లో కొన్నేళ్లు గడిచాక అసలు ఆటగాళ్లు రిటైరవుతూ ఉంటారు, వాళ్ల బదులు కంప్యూటరే కొత్త పిల్లల్ని పుట్టిస్తుంది. ఏడాదికోసారి ప్రతి క్లబ్ అకాడమీకీ ఒక బ్యాచ్ వస్తుంది. మావాడు అలా బార్సిలోనా అకాడమీలో పుట్టినవాడు. పద్దెనిమిదేళ్లప్పుడు వాళ్లకి అక్కర్లేక అమ్మకానికి పెడితే 40 లక్షల యూరోలకి తెచ్చుకున్నాను, మళ్లీ అమ్మితే వచ్చే డబ్బులో 30 శాతం వాళ్లకివ్వాలన్న షరతు మీద. పేరు చెప్పను, ఎలాగూ నా ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేడు. కంప్యూటర్ గీసిన మొహం, కొంచెం నిద్రమొహం. ఎడమ కాలు. మొదటి సీజన్‌లో రిజర్వు, రెండో సీజన్‌లో ఎవరికో గాయమైతే దింపాను, ఇక బయటికి రాలేదు. పదమూడు గోల్స్. రాత్రి ఒంటిగంటకి నేను కుర్చీలోంచి లేచి చేతులెత్తిన మ్యాచ్‌లు నాలుగైదు ఉన్నాయి, అన్నీ వాడివే.

2030 జూలై (గేమ్‌లో) బార్సిలోనా నుంచి మెయిల్. 4 కోట్ల 20 లక్షల యూరోలు. వాడి వివరాల పేజీలో కింద ఓ మూల ఇష్టమైన క్లబ్బులు అని చిన్న గడి ఉంటుంది, అందులో ఒకే పేరు, ఏదో మీకు తెలుసు. రెండు రోజుల్లో వాడే నా ఆఫీసుకొచ్చాడు. చిన్నప్పటి నుంచి ఆడాలనుకున్న క్లబ్, ఆపొద్దు అన్న అర్థంలో ఒక మాట. నాకు ఐదారు జవాబులు ఇచ్చింది గేమ్, ఏది నొక్కాలో తెలియక లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. నవ్వొస్తుంది కదా, అంకెల బొమ్మ కోసం.

ఈ గేమ్‌కి నేను మార్కులు వేసేది సరిగ్గా ఇక్కడే. టీవీలో, యూట్యూబ్‌లో కూర్చున్న నిపుణులు ఇలాంటి సందర్భం రాగానే రెండు పాటలు పాడతారు. ఒకటి, గూటికి చేరిన పక్షి, కన్నీళ్లు, చిన్నప్పటి జెర్సీలో పాత ఫొటో. రెండోది, డబ్బు కోసం పోతున్నాడు, విశ్వాసం లేదు. గేమ్ ఈ రెండూ పాడదు. కాంట్రాక్టు మాట్లాడే స్క్రీన్‌లో ఒక లైన్ ఉంటుంది, జట్టులో నీ స్థానం ఏంటి అని. స్టార్ అంటారా, ముఖ్యమైనవాడా, రోజూ ఆడేవాడా, అప్పుడప్పుడూ అవసరానికి ఆడేవాడా. మా దగ్గర వాడు స్టార్. వార్తల్లో బార్సిలోనా బేరం చూస్తే ఆఖరి రకం, అవసరానికి ఆడేవాడు. వాడి స్థానంలో వాళ్లకి అప్పటికే ముగ్గురున్నారు, ముగ్గురూ పాతికేళ్లలోపువాళ్లే. వాడు దానికీ ఒప్పుకున్నాడు. నా దగ్గర స్టార్‌గా ఉండనన్నవాడు అక్కడ నాలుగోవాడిగా ఉంటానంటున్నాడు. ఆ గడిలో ఉన్న ఒక్క పేరు చేసే పని అది. ప్రేమకి లెక్క లేదంటారు, ఉంది, ఈ గేమ్‌లో అంకెల్లోనే ఉంది.

కుర్చీ ఖాళీ ఉందా లేదా? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదొక్కటే. ఇల్లు ఎవరిది, ఎక్కడ పెరిగాడు అన్నవి తర్వాత. నిజం ఫుట్‌బాల్‌లో స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ ఫాబ్రెగాస్‌ని తీసుకోండి, లా మాసియా పిల్లాడే. పదహారేళ్లకే 2003లో బార్సిలోనా వదిలి లండన్ క్లబ్ ఆర్సెనల్‌కి వెళ్లాడు, అక్కడ కెప్టెన్ అయ్యాడు. 2010లో స్పెయిన్ ప్రపంచ కప్ గెలిచి మాడ్రిడ్‌లో సంబరం చేసుకుంటుంటే బార్సిలోనా ఆటగాళ్లు పికే, పుయోల్ కలిసి స్టేజీ మీదే వాడికి బలవంతంగా బార్సిలోనా జెర్సీ తొడిగారు, పెళ్లిళ్లలో బావమరదులు చేసే అల్లరిలాగా. 2011 ఆగస్టులో నిజంగానే వచ్చేశాడు. కానీ వచ్చిన ఇంట్లో మధ్యలో ఎవరున్నారు? చావి, ఇనియెస్తా, బుస్కెట్స్. ఆ ముగ్గుర్ని లేపి కూర్చునే మనిషి అప్పటికి భూమ్మీద లేడు. అక్కడా ఇక్కడా సర్ది, ఒక్కోసారి ముందు వరుసలో పెట్టి ఆడించారు. కప్పులు గెలిచాడు, గోల్స్ కొట్టాడు, పనికిరాలేదని ఎవరూ అనలేరు. అయినా మూడేళ్లకి, 2014లో చెల్సీకి వెళ్లిపోయాడు. తమాషా ఏంటంటే అప్పుడు ఆర్సెనల్‌కి మళ్లీ కొనుక్కునే మొదటి హక్కు ఉంది. వాళ్లు వాడుకోలేదు. అక్కడ అప్పటికి ఆ చోటులో ఓజిల్ ఉన్నాడు. రెండిళ్లు ఉండి రెండింట్లోనూ కుర్చీ లేని పరిస్థితి.

పికేది పూర్తిగా వేరే. అతనూ లా మాసియానే, అతనూ పదిహేడేళ్లకి మాంచెస్టర్ యునైటెడ్‌కి పోయాడు. అక్కడ ఫెర్డినాండ్, విడిచ్ ముందు బెంచీ అరగదీసి 2008లో 21 ఏళ్లకి తిరిగొచ్చాడు. అప్పుడు బార్సిలోనా డిఫెన్స్‌లో తురామ్ వెళ్లిపోతున్నాడు, గాబ్రియేల్ మిలిటో మోకాలు దెబ్బతిని ఏడాదికి పైగా ఆటకి దూరం. అంటే ఎవరూ ఎర్ర తివాచీ పరవలేదు గానీ కుర్చీ మాత్రం ఖాళీ. మొదటి సీజన్‌లోనే లీగ్, కప్, చాంపియన్స్ లీగ్ మూడూ గెలిచిన జట్టులో రోజూ ఆడాడు, మొత్తం పద్నాలుగేళ్లు అక్కడే. తిరిగొచ్చిన వయసు చూస్తే ఫాబ్రెగాస్ కంటే చిన్నవాడు, అప్పటికి ఉన్న పేరు చూస్తే ఎంతో తక్కువ. ఇంకా చిన్నవాడు, ఇంకొంచెం ఆగాల్సింది అనే మాట అందుకే నాకు ఎక్కదు.

అలాగని కుర్చీ ఖాళీ ఉంటే చాలా అంటే, చాలదు. రొమెయు 2023లో జిరోనా నుంచి వెళ్లింది బుస్కెట్స్ ఖాళీ చేసిన చోటికే. కొలతకి మాత్రం సరిపోలేదు. ఆ సీజన్ రెండో సగంలో క్రిస్టెన్సెన్ అనే డిఫెండర్‌ని తెచ్చి ఆ చోట ఆడించారు, ఏడాది తిరిగేసరికి రొమెయు లోన్ మీద మళ్లీ జిరోనాలో. ఎరిక్ గార్సియా అయితే ఆ రోడ్డు మీద బస్సు నడిపినట్టే తిరిగాడు. 2017లో మాంచెస్టర్ సిటీకి, 2021లో ఉచితంగా బార్సిలోనాకి, అక్కడ తిట్లు తిని 2023లో జిరోనాకి లోన్, ఏడాది తర్వాత మళ్లీ బార్సిలోనా. ఇక అయిపోయిందనుకున్న మనిషిని కొత్త కోచ్ ఫ్లిక్ మిడ్‌ఫీల్డ్‌లో, కుడి పక్క, మధ్యలో, ఎక్కడ కన్నం ఉంటే అక్కడ పెట్టాడు. 2025 జనవరిలో లిస్బన్‌లో బెన్ఫికా మీద 86వ నిమిషంలో 4-4 చేసిన గోల్ అతనిదే, ఆ మ్యాచ్ 5-4తో గెలిచారు. అది చూసి మా బావ (రియల్ మాడ్రిడ్ మనిషి, నేనేం చెప్పినా అడ్డం) "రెండోసారి తిరిగొస్తే గానీ కుదరలేదన్నమాట" అన్నాడు. అడ్డంగా అన్నా అందులో విషయం ఉంది.

సరే, నేనేం చేశానో చెప్పాలి కదా. సిగ్గు లేకుండా చెబుతున్నా, ఆటని రెండు ఫైళ్లుగా సేవ్ చేశాను. ఒకదాంట్లో పంపించాను, ఒకదాంట్లో ఆపాను. ఇలా చేయడం తప్పని పెద్ద ఆటగాళ్లు అంటారు, అననివ్వండి. జీవితంలో దొరకని సౌకర్యం గేమ్‌లోనైనా ఉండాలి.

పంపించిన ఫైలు. మొదటి వారం వార్తల్లో అంతా పండగ. లీగ్ మొదలయ్యాక నేను నా జట్టుని వదిలేసి వాడి పేజీ తెరిచి చూస్తూ కూర్చునేవాణ్ని. ఆగస్టులో ఇరవై నిమిషాలు. సెప్టెంబరులో ఒక మ్యాచ్ మొదటి నుంచి, ఆ తర్వాత బెంచ్. సీజన్ మొత్తానికి లీగ్‌లో మొదటి నుంచి ఆడినవి తొమ్మిది, మధ్యలో దిగినవి పదిహేడు, గోల్స్ రెండు. అంతకంటే బాధ వాడి అంకెల్లో. ఇరవై ఏళ్లప్పుడు నెలనెలా పెరిగే ఆకుపచ్చ బాణాలు ఆగిపోయాయి. ఆడనివాడు పెరగడు, గేమ్ ఈ విషయంలో మొహమాటపడదు. తర్వాతి వేసవిలో లోన్ జాబితాలో పేరు. ఎవరు తెచ్చుకున్నారో వేరే చెప్పక్కర్లేదు. జీతంలో సగం వాళ్లే కట్టారు. వచ్చినవాడు మాత్రం వెళ్లినవాడు కాదు. అదే నిద్రమొహం, పక్కన ధైర్యం అంతంతమాత్రం అని చూపించే గుర్తు, మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ లేదు.

ఆపిన ఫైలు ఇంకో రకం నరకం. కుదరదన్నాను. వాడు అలిగాడు. వాడితో సన్నిహితంగా ఉండే ఇద్దరు స్పెయిన్ కుర్రాళ్లూ అలిగారు. ఒకడి అలక ముగ్గురికి ఎలా పాకుతుందో చూపించే ఒక పేజీ ఉంది ఇందులో, గుంపులు గుంపులుగా గీసి. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్లకి ఆ పేజీ వివరించక్కర్లేదు. వరసగా నాలుగు మ్యాచ్‌లు పోయాయి. చివరికి పిలిచి మాటిచ్చాను, వచ్చే వేసవిలో 6 కోట్లు ఎవరిచ్చినా పంపిస్తానని. శాంతించాడు. ఆ సీజన్ పదహారు గోల్స్, మేం ఐదో స్థానం. వేసవి వచ్చింది. నేను రోజూ ఆత్రంగా, కొంచెం భయంగా మెయిల్స్ చూశాను. బార్సిలోనా రాలేదు. వాళ్లు ఇటలీ నుంచి ఇంకొకణ్ని కొనుక్కున్నారు. మాట తప్పింది నేను కాదు, అయినా ఆ సెప్టెంబరు మొదటి తారీఖున, ఆటగాళ్ల కొనుగోళ్ల గడువు ముగిసిన రాత్రి, వాడి పేజీ తెరవబుద్ధి కాలేదు.

తమ్ముడికి ఫోన్‌లో ఇదంతా చెబితే, వాడికి ఫుట్‌బాల్ తెలియదు, "అన్నయ్యా, పంపినా తప్పే, ఆపినా తప్పే అయితే అందులో ఆటేముంది?" అన్నాడు. అదే ఆట అని చెప్పలేక పెట్టేశాను.

అసలు బార్సిలోనా నాలుగోవాడి కోసం 4 కోట్లు ఎందుకు పెట్టింది? కొన్ని రోజులు నాకు అర్థం కాలేదు. తర్వాత ఒక అనుమానం వచ్చింది, దీనికి యూరప్ నిబంధన ఒకటి చెప్పాలి, కొంచెం ఓపిక పట్టండి. చాంపియన్స్ లీగ్‌కి ఇచ్చే 25 మంది జాబితాలో ఎనిమిది చోట్లు స్థానికంగా తయారైనవాళ్లకే. అందులో కనీసం నాలుగు ఆ క్లబ్‌లోనే తయారైనవాళ్లకి. మీ దగ్గర అలాంటివాళ్లు లేకపోతే ఆ చోట్లు ఖాళీగా పోవాల్సిందే, వేరేవాళ్లతో నింపడానికి లేదు. తయారవడం అంటే పదిహేను, ఇరవై ఒకటి ఏళ్ల మధ్య మూడు సీజన్లు లేదా 36 నెలలు ఆ క్లబ్‌లో ఉండటం. పుట్టుక, చిన్నతనం, ఏడేళ్లప్పుడు వేసుకున్న జెర్సీ, ఇవేవీ లెక్కలోకి రావు. రేషన్ కార్డు లాంటిది, పుట్టింది ఎక్కడైనా కార్డు ఎక్కడుందో అక్కడివాడివే. ఈ లెక్కన పదహారుకే వెళ్లిపోయిన ఫాబ్రెగాస్ కాగితం మీద బార్సిలోనా బిడ్డ కాదు, ఆర్సెనల్ బిడ్డ. మావాడు మాత్రం పద్దెనిమిది దాకా అక్కడే ఉన్నాడు, కార్డు అక్కడే. నా సేవ్‌లో 2030 నాటికి బార్సిలోనా తన అకాడమీ పిల్లల్లో చాలామందిని అమ్మేసుకుంది. వాళ్లకి కావాల్సింది ఎడమ కాలు కాదేమో, ఆ కార్డేమో. గేమ్ ఇది ఎక్కడా చెప్పదు, నా అనుమానమే, కానీ ఆ తర్వాత ఆ తొమ్మిది మ్యాచ్‌లు చూస్తే ఇంకో వివరణ తట్టలేదు. పిలుస్తున్నది నిన్నా, నీ కార్డునా అని ఏ కుర్రాడైనా ఏజెంట్‌ని అడగాల్సిన ప్రశ్న ఇది.

డానీ ఓల్మో కథ చూడండి, నాకు అన్నింటికంటే నచ్చేది అదే. 2014లో పదహారేళ్లవాడు లా మాసియా వదిలి క్రొయేషియా వెళ్లాడు, డినామో జాగ్రెబ్‌కి. బార్సిలోనా నుంచి క్రొయేషియా లీగ్‌కి ఎవరైనా పోతారా అని నవ్వినవాళ్లున్నారు. ఐదున్నరేళ్లు అక్కడ, 2020 జనవరి నుంచి జర్మనీలో లైప్‌జిగ్. 2024 యూరో కప్‌లో (యూరప్ దేశాల పోటీ) మూడు గోల్స్ కొట్టి, అందరికంటే ఎక్కువ కొట్టినవాళ్లలో ఒకడై కప్పు గెలిచాక, 5 కోట్ల 50 లక్షల యూరోలు, పైన ఇంకొన్ని ఇచ్చి బార్సిలోనా తెచ్చుకుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు అంటారు కదా, పక్కింటివాడి పెరట్లో పెరిగితే అదే చెట్టు మందు అవుతుంది, ఆకుకింత అని లెక్కగట్టి కొనుక్కోవాలి. వచ్చాక ఏమైంది? జీతాల పరిమితి దాటిందని మొదటి రెండు మ్యాచ్‌లకి పేరే నమోదు కాలేదు. క్రిస్టెన్సెన్ గాయపడ్డాడు కాబట్టి ఆ సందులో నమోదు చేశారు. ఆగస్టు 27న రాయో వయెకానో మీద రెండో సగంలో దిగి 82వ నిమిషంలో గెలుపు గోల్. డిసెంబరు 31తో ఆ నమోదు గడువు అయిపోయింది, కొత్త సంవత్సరం రోజున సొంత క్లబ్‌లో ఆడే హక్కు లేని మనిషయ్యాడు. జనవరి 8న స్పెయిన్ ప్రభుత్వ క్రీడా మండలి తాత్కాలికంగా అనుమతిస్తే గానీ బయటపడలేదు. గేట్లో అడుగుపెట్టాక కూడా గుమ్మం దగ్గర చెప్పులతో నిలబెట్టారు. అయినా ఆ సీజన్ లీగ్, కప్ రెండూ గెలిచారు, అతను ఆడాడు. 26 ఏళ్లకి, తనేంటో తనకి తెలిశాక, ధర తను చెప్పుకునే స్థితిలో వచ్చాడు కాబట్టి తట్టుకున్నాడని నా అభిప్రాయం. మావాడు ఇరవైలో ఉన్నాడు. కొత్త సంవత్సరం రోజున వాడికి అలా జరిగితే? ఆ బాణాలు చూశాక నాకు నమ్మకం లేదు.

గేమ్‌లో లేనిది చెప్పకపోతే రివ్యూ అవదు. లేనిది శబ్దం. అభిమానుల అభిప్రాయం అని ఒక పేజీ ఉంది, అక్కడ ఒక గ్రేడు, రెండు వాక్యాలు. అంతే. ఫాబ్రెగాస్ చివరి సీజన్‌లో సొంత స్టేడియంలోనే ఈలలు విన్నాడు. మన దగ్గర ఈల అంటే హీరో ఎంట్రీ, అక్కడ ఈల అంటే ఛీ కొట్టడం, ఇది తెలియక మొదట్లో నేను స్పెయిన్ మ్యాచ్‌లు చూసి ఎంత అభిమానమో అనుకునేవాణ్ని. వేరే ఊరి నుంచి కొన్నవాడు ఆడకపోతే డబ్బులు దండగ అంటారు. సొంత పిల్లాడు ఆడకపోతే ఇంకేదో అంటారు, దాంట్లో ఒక రకం పగ ఉంటుంది, మనవాడివై ఉండి ఇలా చేశావా అని. వాళ్లమ్మ అదే స్టేడియంలో కూర్చుని వింటుంది. ఇది ఏ అంకెలోనూ రాలేదు. విలేకరుల సమావేశాలు కూడా ఒకటే మూస, కొన్ని సీజన్లయ్యాక నేను వాటిని నా సహాయకుడికి అప్పగించేశాను, ఆ పని చేసుకునే వీలుంది కాబట్టి సరిపోయింది.

ఇంకోటి, ఇది పూర్తిగా నా సొంత గోల. ఈ గేమ్‌లో ఇండియన్ సూపర్ లీగ్ ఉంది, మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఉంది, 2022 మార్చిలో గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో కొట్టి కప్పు గెలిచిన క్లబ్. గేమ్‌లో ఇంకా గచ్చిబౌలిలోనే ఆడుతుంది. బయట చూస్తే 2025లో ఆ క్లబ్ చేతులు మారి ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మారింది. ఆటగాడు సొంత క్లబ్‌కి రావాలా వద్దా అని నేను రాత్రుళ్లు లెక్కలేస్తుంటే, ఇక్కడ పెరిగిన పిల్లాడికి తిరిగి రావడానికి క్లబ్బే ఊళ్లో లేదు. ఒక ఆదివారం పసుపు జెర్సీతో ఒక సీజన్ ఆడాను, గచ్చిబౌలి పేరు స్క్రీన్ మీద చూడటానికే. గేమ్‌కి సంబంధించిన పాయింట్ కాదు, తీసేద్దామనుకున్నా, ఉండనీ.

ఆడాలనుకునేవాళ్లకి పనికొచ్చే మాటలు. మామూలు ల్యాప్‌టాప్ మీద ఆడుతుంది, పెద్ద గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. నాది ఆరేళ్ల పాతది, ఎనిమిది జీబీ ర్యామ్, ఐదారు దేశాల లీగ్‌లు మాత్రమే పెట్టుకుంటే బాగానే లాగింది. అత్యాశకి పోయి ఇరవై దేశాలు టిక్ పెట్టాను ఒకసారి, ఒక రోజు గడవడానికి ఒక టీ తాగొచ్చు, మే నెలలో ఫ్యాన్ చప్పుడు విమానం లేచినట్టు. మ్యాచ్ బొమ్మలు అందంగా ఉంటాయని ఆశ పెట్టుకోకండి, వీడియో గేమ్‌లో ఉండే మొహాలు, చెమట చుక్కలు ఇందులో వెతక్కండి. తెలుగు లేదు, అంతా ఇంగ్లీషే, అదీ చాలా ఇంగ్లీషు. ఫుట్‌బాల్ అప్పుడప్పుడూ ప్రపంచ కప్‌కి మాత్రమే చూసేవాళ్లు మొదటి మూడు గంటల్లో పారిపోతారు. కొత్తవాళ్లు ట్రైనింగ్, విలేకరులు, రిజర్వు జట్టు ఇవన్నీ సహాయకుడికి వదిలేసి, జట్టు ఎంపిక, కొనడం, అమ్మడం మాత్రం చేతిలో పెట్టుకోండి. ఆడేది చిన్న క్లబ్‌తో ఆడండి. పెద్ద క్లబ్‌తో ఆడితే పిల్లల్ని మీరు లాక్కొచ్చేవాళ్లవుతారు, పంపించే బాధ ఎప్పటికీ తెలియదు.

నా మార్కులు ఐదుకి నాలుగు. ఒకటి తగ్గించింది ఆ లేని శబ్దానికి. కుర్రాడు చిన్నప్పటి క్లబ్‌కి వెళ్లాలా వద్దా అన్న వాదనలో ఏడాదిన్నర కిందట నేను నిస్సంకోచంగా వెళ్లాలి అనే పక్షం. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు ఆ కాంట్రాక్టులో స్థానం లైన్ చూపించమంటాను, నాలుగోవాడు అని ఉంటే ఇరవై ఏళ్లవాణ్ని పంపను. మావాడి విషయంలో ఆపిన ఫైలే సరైందని నా నమ్మకం, వాడు నన్ను క్షమించకపోయినా.

ఆ ఫైలులో ఇప్పుడు 2032 జనవరి. నిన్న రాత్రి పన్నెండున్నరకి కంటిన్యూ నొక్కితే బార్సిలోనా నుంచి మెయిల్ అని ఎర్ర చుక్క వెలిగింది. వాళ్ల ముగ్గురిలో ఒకణ్ని ఇంగ్లండ్‌కి అమ్మేశారని పొద్దున వార్తల్లో చూశాను. తెరవలేదు. సేవ్ చేసి ల్యాప్‌టాప్ మూసేశాను, పొద్దున్నే తొమ్మిదింటికి మీటింగ్ ఉంది.